ముఖం కప్పాలా, చెవులు వదలాలా: ప్రాచీన గ్రీకు కంచు శిరస్త్రాణాలలో దేన్ని ఎంచుకోవాలి

నాటకానికి ఆహార్యం సిద్ధం చేసేవారికి, చరిత్ర పుస్తకానికి బొమ్మలు వేసేవారికి, తరగతిలో గ్రీసు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు, ఇంట్లో ఒక మంచి నమూనాను ఉంచుకోవాలని ముచ్చటపడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: గ్రీకు యోధుడి తల మీద ఏ శిరస్త్రాణం పెట్టాలి? బజారులో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు ఒక్కటే. కళ్ల దగ్గర బాదంపప్పు ఆకారంలో రెండు రంధ్రాలు, ముక్కు మీదికి దిగిన పట్టీ, నడినెత్తిన ఎర్రటి కుచ్చు ఉన్న ఒక రూపాన్ని ‘స్పార్టా హెల్మెట్’ అని పిలిచి, ట్రాయ్ వీరుడికీ, మారథాన్ యోధుడికీ, అలెగ్జాండర్‌కూ అదే తగిలిస్తున్నారు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి నుంచి అలెగ్జాండర్ మరణించిన క్రీ.పూ. 323 వరకు గడిచిన నాలుగు వందల ఏళ్లలో గ్రీకు కంచరులు అరడజనుకు పైగా రూపాలను తీర్చిదిద్దారు. ఒకదాని స్థానంలో మరొకటి పెడితే తప్పేమిటని అడిగేవారికి ఈ వ్యాసంలో జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఎంపికకు నేను వాడే కొలబద్ద ఒక్కటే. ఆ శిరస్త్రాణం మనిషిలో దేన్ని దాస్తుంది, దేన్ని తెరిచి ఉంచుతుంది? ముఖాన్ని పూర్తిగా కప్పితే రక్షణ పెరుగుతుంది, ఎదుటివాడికి భయం పుడుతుంది. కాని వినికిడి పోతుంది, పక్కచూపు తగ్గుతుంది. చెవులు, కళ్లు వదిలితే సేనాని ఆజ్ఞ వినబడుతుంది, రాబోయే బాణం కనబడుతుంది; కాని దవడ, ముక్కు శత్రువుకు దొరికిపోతాయి. గ్రీకు శిరస్త్రాణాల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య సాగిన బేరమే. మీరు చూపించదలచిన మనిషి ఆ బేరంలో ఎటు నిలిచాడో తెలిస్తే రూపం దానంతట అదే తేలుతుంది.

ముందుగా లోహం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నమూనాలు కొనేటప్పుడు మొదట పొరపడేది ఇక్కడే. మనం భోజనం చేసే కంచు కంచంలోనూ, గుడిగంటలోనూ తగరం పాలు ఎక్కువ. చాలాసార్లు నూటికి 20 దాటుతుంది. అందుకే ఆ కంచు ఖంగుమని మోగుతుంది, రాతి మీద జారవిడిస్తే పగులుతుంది కూడా. గ్రీకు కవచాల కంచులో తగరం నూటికి సుమారు 10 పాళ్లే. ఈ పాళ్లలో ఉన్న లోహాన్ని చల్లగా ఉన్నప్పుడే సుత్తెతో సాగగొట్టవచ్చు. కొట్టేకొద్దీ అది గట్టిపడి పెళుసుబారుతుంది కాబట్టి కంచరి దాన్ని మళ్లీ కొలిమిలో కాచి మెత్తబరచి, మళ్లీ కొడతాడు. చివరి విడతలో మాత్రం కొట్టిన గట్టిదనాన్ని అలాగే ఉంచేస్తాడు. ఇనుమును కరిగించి పోత పోసే నేర్పు ఆనాటి గ్రీకులకు లేదు. గుండ్రటి తలకు సరిపోయేలా ఒకే ముక్కగా ఇనుప శిరస్త్రాణాన్ని లేపడం ఎంతో కష్టమైన పని. కత్తులు, ఈటెమొనలు ఇనుముకు మారిన తరువాత కూడా శతాబ్దాల పాటు తలను కంచే కాపాడింది.

కంచుకు మెరుపు కూడా ఉంది. సంగ్రహాలయంలో ఆకుపచ్చని చిలుము పట్టి కనిపించే ఈ వస్తువులు కొత్తగా ఉన్నప్పుడు ఎండలో బంగారంలా వెలిగేవి. ఈజిప్టు రాజు ప్సమ్మెటికస్ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథను ఇక్కడ తలచుకోవాలి. పన్నెండు మంది రాజులు కలిసి దేవుడికి తర్పణం చేస్తుండగా పూజారి పొరపాటున పదకొండు బంగారు పాత్రలే తెచ్చాడట. చివరివాడైన ప్సమ్మెటికస్ తన కంచు శిరస్త్రాణాన్ని తీసి అందులోనే తర్పణం పోశాడు. కంచు పాత్రతో తర్పణం చేసినవాడే ఈజిప్టుకంతటికీ రాజవుతాడన్న దైవవాక్కు ఉండటంతో మిగిలినవారు అతన్ని చిత్తడి నేలలకు తరిమారు. సముద్రం మీదనుంచి ‘కంచు మనుషులు’ వచ్చినప్పుడు పగ తీరుతుందని అతనికి మరో దైవవాక్కు లభించింది. వచ్చినవారు కంచు కవచాలు తొడిగిన అయోనియన్లు అనే గ్రీకులు, వారి పొరుగువారైన కారియన్లు. బయటివారి కళ్లకు గ్రీకు సైనికుడు ఎలా కనిపించాడో ఈ కథ చెప్పినంత చక్కగా మరేదీ చెప్పదు.

కోరింథియన్: ముఖమే లేని యోధుడు

బజారులో దొరికే రూపానికి అసలు పేరు కోరింథియన్. అది స్పార్టాకు మాత్రమే చెందినది కాదు, క్రీ.పూ. 700 ప్రాంతంలో పుట్టి, రెండు వందల ఏళ్లకు పైగా గ్రీకు నగరాలన్నింటిలోనూ వాడుకలో ఉంది. హెరొడోటస్ ఒకచోట ‘కోరింథు శిరస్త్రాణం’ అన్న మాట వాడాడు. లిబియాలోని ఒక తెగవారు తమ పండుగలో అందమైన కన్యకు దాన్ని పెట్టి, గ్రీకు ఆయుధాలు తొడిగి, రథం మీద సరస్సు చుట్టూ ఊరేగించేవారని రాశాడు. ఆధునిక పండితులు ఆ పేరును ఈ ఆకారానికి పెట్టారు.

కంచరి నైపుణ్యానికి దీన్ని మించిన ఉదాహరణ గ్రీకు కవచాలలో లేదని నా నమ్మకం. నడినెత్తి నుంచి మెడవంపు దాకా, చెంపల నుంచి ముక్కుపట్టీ దాకా అంతా ఒకే ముక్క. అతుకు లేదు, రివెట్టు లేదు. రేకు చాలా చోట్ల ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది, ముక్కుపట్టీ దగ్గర మాత్రం దానికి రెండు మూడు రెట్లు మందం. దెబ్బ నేరుగా తగిలే చోట లోహాన్ని నిలిపి, తగలని చోట పలచబరచి, మొత్తం బరువును సుమారు ఒకటి నుంచి రెండు కిలోల లోపల ఉంచడం అన్నది సుత్తె మీద ఎన్నో ఏళ్ల పట్టు ఉన్నవాడికే సాధ్యం. తొలి కాలపు శిరస్త్రాణాలలో అంచు పొడవునా సన్నని రంధ్రాల వరుస కనిపిస్తుంది. లోపలి మెత్తటి అస్తరును తోలుతోనో బట్టతోనో కుట్టిన ఆనవాళ్లవి. తరువాతి కాలంలో ఆ రంధ్రాలు మాయమయ్యాయి, అస్తరును అంటించడం మొదలైంది.

దీని ధర మాత్రం భారీది. చెవులు పూర్తిగా మూసుకుపోతాయి. పక్కచూపు తగ్గుతుంది. వేసవిలో, గ్రీకులు సాధారణంగా యుద్ధం చేసే కాలంలో, లోపల ఊపిరి ఉక్కిరిబిక్కిరవుతుంది. అయినా రెండు శతాబ్దాలు ఎందుకు నిలిచింది? హాప్లైట్ అనే బరువు పదాతి సైనికుడు భుజానికి భుజం ఆనించి, సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పున్న డాలుతో బారులో నిలబడి, ఎదురుగా ఉన్నవాడినే చూస్తూ ముందుకు నెట్టేవాడు కాబట్టి. అతను పక్కకు చూడనక్కరలేదు. పక్కన తనవాడే ఉన్నాడు. వినడానికీ పెద్దగా ఏమీ లేదు. బారు కదిలితే తానూ కదులుతాడు. ఆ వరుసను ఎదుటివైపు నుంచి చూస్తే వందల కంచు ముఖాలు, అన్నీ ఒకేలా, కనురెప్ప వాల్చకుండా నడిచి వస్తున్నట్లు ఉండేది. వ్యక్తి మాయమై నగరం మిగలడమే ఈ రూపం చెప్పే అర్థమని నేను భావిస్తాను. శిరస్త్రాణం, ఛాతీ కవచం ఎవరి కోసం వారు తొడుగుకుంటారు, డాలును మాత్రం వరుస అంతటి కోసం మోస్తారు అని స్పార్టా రాజు డెమరాటస్ అన్నట్లు గ్రీకు జీవితచరిత్రల రచయిత ప్లుటార్క్ రాశాడు. ఆ మాట నిజమే అయినా, కోరింథియన్ శిరస్త్రాణం మనిషి ముఖాన్ని తీసేసి అతన్ని కూడా వరుసలో భాగంగానే చేసింది.

పర్షియన్లతో జరిగిన మారథాన్ యుద్ధం (క్రీ.పూ. 490) మీ విషయమైతే సందేహం అక్కరలేదు, కోరింథియనే ఎంచుకోండి. ఆ యుద్ధంలో ఎథెన్స్ సేనాని మిల్టియాడిస్ పేరు చెక్కిన శిరస్త్రాణం ఒలింపియా సంగ్రహాలయంలో ఉంది; ‘మిల్టియాడిస్ జ్యూస్‌కు (గ్రీకుల దేవరాజుకు) సమర్పించాడు’ అని దాని అంచు మీద చెక్కి ఉంటుంది. దాని పక్కనే చూడదగినది శంఖాకారంలో ఉన్న తూర్పుదేశపు శిరస్త్రాణం. ‘మీడుల (అంటే పర్షియన్ల) నుంచి తీసుకొని ఎథెన్స్ వారు జ్యూస్‌కు’ అన్న అర్థం వచ్చే మాటలు దాని మీద ఉన్నాయి. ఒకటి సొంత తలది, రెండవది ఓడిన తలది, రెండూ ఒకే దేవుడి ముందు. లండన్‌లో ఉండే తెలుగువారు ఇలాంటి అర్పణలను బ్రిటిష్ మ్యూజియంలోనే చూడవచ్చు: కోరింథు వారి మీద గెలిచి ఆర్గోస్ వారు జ్యూస్‌కు అర్పించిన కోరింథియన్ శిరస్త్రాణం అక్కడ ఉంది, క్రీ.పూ. 474లో క్యూమె దగ్గర ఇటలీకి చెందిన ఎట్రుస్కన్లను ఓడించి సిరక్యూస్ పాలకుడు హియెరాన్ అర్పించిన ఎట్రుస్కన్ శిరస్త్రాణం కూడా ఉంది.

థెర్మోపిలే (క్రీ.పూ. 480) దగ్గర పర్షియన్లతో పోరాడిన స్పార్టన్లకు కూడా ఇదే సరైనది. స్పార్టన్ అనగానే ఎల్లప్పుడూ ఇదే అనుకోవడంలోనే తప్పు ఉంది. ఆ సంగతి ‘పిలోస్’ అనే మరో రూపం దగ్గర చెబుతాను.

నాటకం వేసేవారికి ఒక హెచ్చరిక. ఈ శిరస్త్రాణాన్ని ముఖం మీదికి దించి రంగస్థలం మీదికి వస్తే నటుడి కళ్లు తప్ప మరేమీ కనిపించవు, అతని మాట లోపలే గింగిరాలు తిరుగుతుంది, ఎదుటి పాత్ర చెప్పే సంభాషణ అతనికి వినబడదు. మన పౌరాణిక నాటకాలలో కిరీటం నుదుటి దగ్గర ఆగి ముఖాన్ని ప్రేక్షకుడికి వదిలేస్తుంది. ఇది అలా కాదు. దీనికి గ్రీకులే దారి చూపారు. యుద్ధం లేనప్పుడు దీన్ని నెత్తి మీదికి వెనక్కి నెట్టుకొనేవారు. ముక్కుపట్టీ నుదురు మీద ఆనుతుంది, ఖాళీ కళ్లు ఆకాశం వైపు చూస్తాయి, అసలు ముఖం బయటపడుతుంది. క్రెసిలాస్ అనే శిల్పి చెక్కిన ఎథెన్స్ నాయకుడు పెరిక్లిస్ ప్రతిమకు తరువాతి కాలపు ప్రతులలో మనం చూసేది ఈ భంగిమనే. అతని తల మరీ పొడవుగా ఉండటం వల్ల శిల్పులు శిరస్త్రాణంతో కప్పారని ప్లుటార్క్ అన్నాడు గాని, అది సేనాని పదవికి గుర్తు అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. రంగస్థలం మీద మాట్లాడే సన్నివేశాలలో వెనక్కి నెట్టి, పోరు మొదలయ్యే క్షణంలో దించితే, ఆ ఒక్క కదలికతోనే ప్రేక్షకుడికి మనిషి సైనికుడైపోవడం కనిపిస్తుంది.

ఇలిరియన్, ఖాల్కిడియన్, అట్టిక్

ఇలిరియన్ రూపం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పేరు బాల్కన్ ప్రాంతానిదైనా పుట్టింది దక్షిణ గ్రీసులోని పెలొపొనీసస్‌లోనే అని సాధారణ అభిప్రాయం. ఉత్తర ప్రాంతాల సమాధులలో ఎక్కువగా దొరకడం వల్ల ఆ పేరు వచ్చింది. తొలి దశలో రెండు సగాలుగా చేసి అతికేవారు. ముఖం చతురస్రంగా తెరిచి ఉంటుంది, ముక్కుపట్టీ లేదు, చెవులు మూసి ఉంటాయి. నడినెత్తిన రెండు గట్లు సమాంతరంగా వెళతాయి. వాటి మధ్య తురాయి కూర్చొంటుంది. ఉత్తర గ్రీసు, మాసిడోనియాల తొలి కాలాన్ని చూపించాలంటే ఇది తగినది. మరెక్కడైనా కోరింథియన్‌కు బదులుగా దీన్ని తీసుకోమని నేను చెప్పను.

ఖాల్కిడియన్ వేరు సంగతి. కోరింథియన్‌తో విసిగిన కంచరి మొదట చేసిన పని చెవుల దగ్గర రేకు కోసి తీయడం. క్రీ.పూ. 6వ శతాబ్దంలో కనిపించే ఈ రూపంలో ముక్కుపట్టీ చిన్నదై మిగిలింది, చెంపరేకులు గుండ్రబడ్డాయి, కొన్నింటికి బందులు పెట్టి పైకి ఎత్తే వీలు కూడా కల్పించారు. బేరంలో మధ్యస్థం ఇది. ఒకే నమూనా కొనగలిగి, దాన్ని పర్షియన్ యుద్ధాల నుంచి క్రీ.పూ. 4వ శతాబ్దం దాకా రకరకాల ప్రదర్శనలకు వాడదలచినవారికి నేను నిస్సంకోచంగా సూచించేది ఖాల్కిడియనే. తొడుక్కున్నవాడు వినగలడు, మాట్లాడగలడు, ప్రేక్షకుడికి అతని నోరు, గడ్డం కనిపిస్తాయి.

అట్టిక్‌లో ముక్కుపట్టీ కూడా పోయింది. ఎథెన్స్ కుండల మీది చిత్రాలలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ పేరు వచ్చింది. అసలు వస్తువులు దొరికినవి తక్కువ. అందువల్ల సైనికుడి తలకు కన్నా ఎథీనా దేవి తలకే ఇది ఎక్కువ నప్పుతుంది.

దేవత బొమ్మ వేసేవారు ఇక్కడ జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఎథెన్స్ వెండి నాణెం మీద ఎథీనా ధరించినది ముఖం తెరిచిన, తురాయి ఉన్న అట్టిక్ రూపం. పర్షియన్ యుద్ధాల తరువాత దాని మీద ఆలివ్ ఆకులు కూడా చేరాయి. కోరింథు నాణెం మీద ఒక వైపు రెక్కల గుర్రం పెగసస్, మరో వైపు అదే ఎథీనా, కాని నెత్తి మీదికి నెట్టిన కోరింథియన్‌తో. శిల్పి ఫీడియస్ ఎథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయం కోసం చేసిన బంగారు-దంతపు ఎథీనా విగ్రహం శిరస్త్రాణం మీద నడుమ స్ఫింక్స్, ఇరువైపులా గ్రిఫిన్లు అనే పురాణ మృగాలు ఉండేవని ప్రాచీన యాత్రారచయిత పౌసానియస్ వర్ణించాడు. అయినా ఎథెన్స్ అంటే అట్టిక్ మాత్రమే అని ముడిపెట్టడం కుదరదు: అక్రొపోలిస్ మ్యూజియంలో ఈటె మీద నుదురు ఆనించి తలవంచి నిలిచిన ఎథీనా శిలాఫలకం (క్రీ.పూ. 460 ప్రాంతం) మీద ఉన్నది వెనక్కి నెట్టిన కోరింథియన్. విజయాన్ని, వైభవాన్ని చూపాలంటే తురాయి, మృగాలు ఉన్న అట్టిక్. ఆలోచనను, శోకాన్ని చూపాలంటే అలంకారం లేని కోరింథియన్. నాకైతే రెండవదే ఎక్కువ ఇష్టం.

యుద్ధంలో వాడటం మానేసిన రూపమే దేవతల తల మీద నిలిచిపోవడం వింత కాదు. మన దగ్గర విల్లంబులు యుద్ధం నుంచి ఎప్పుడో తప్పుకొన్నా రాముడి చేతిలోనే ఉన్నాయి కదా. దక్షిణ ఇటలీ కంచరులు దీన్ని చివరి అంచుకు తీసుకువెళ్లారు: వెనక్కి నెట్టినట్లుగా ఎల్లప్పుడూ పెట్టుకొనే టోపీలాంటి ఒక రూపాన్ని చేసి, కళ్ల రంధ్రాలను చిన్నవి చేసి, కొన్నింటి మీద వాటిని కేవలం గీతలుగా చెక్కి వదిలేశారు. ఎవరూ చూడని కళ్లు అవి. రక్షణ పోయి గుర్తు ఒక్కటే మిగలడాన్ని ఇంత స్పష్టంగా చూపే వస్తువు మరొకటి లేదు. అపులో-కోరింథియన్ అని పిలిచే ఈ రకాన్ని ఎథెన్స్ లేదా స్పార్టా సైనికుడికి పెట్టకండి. ఇటలీ కథలకే ఉంచండి.

పిలోస్: స్పార్టన్ అసలు తల

క్రీ.పూ. 5వ శతాబ్దం చివరికి వస్తే స్పార్టా సైనికుడి తల మీద కుచ్చు లేదు, ముక్కుపట్టీ లేదు, చెంపరేకులు లేవు. ఉన్నది నున్నటి శంఖం లాంటి టోపీ ఒక్కటే. పనివాళ్లు, నావికులు, ప్రయాణికులు పెట్టుకొనే ఉన్ని నమద టోపీ పేరు పిలోస్. దాని ఆకారాన్నే కంచులో దింపారు. పైనుంచి పడిన దెబ్బ జారిపోవడానికి వాలు, చుట్టూ చూడటానికి, వినడానికి పూర్తి స్వేచ్ఛ. చేయడానికి తేలిక, ఖర్చు తక్కువ.

ఎథెన్స్, స్పార్టాల మధ్య జరిగిన పెలొపొనీషియన్ యుద్ధంలో క్రీ.పూ. 425లో స్ఫాక్టీరియా ద్వీపం మీద చిక్కుకుపోయిన స్పార్టా పక్షపు 420 మంది హాప్లైట్ల కథ తెలిసినవారికి పిలోస్ పేరు గుర్తుండే ఉంటుంది. తేలిక ఆయుధాలవారు దూరం నుంచే బాణాలు, రాళ్లు కురిపిస్తుంటే వారి ‘పిలోస్’ బాణాలను ఆపలేకపోయిందని, కాలిన అడవి బూడిద లేచి చూపు పోయిందని, శత్రువుల కేకలలో సొంత ఆజ్ఞలు వినబడలేదని చరిత్రకారుడు థుకిడిడిస్ రాశాడు. అక్కడి పిలోస్ ఉన్నిదా, కంచుదా అన్నది పండితుల మధ్య తేలని వాదం. చివరికి 292 మంది ప్రాణాలతో పట్టుబడ్డారు. వారిలో సుమారు 120 మంది స్పార్టా పౌరులు. స్పార్టన్లు లొంగిపోవడం చూసి గ్రీసు నివ్వెరపోయింది.

బారు యుద్ధం చెదిరిపోయి, తేలిక దళాలు, వేగం, సేనాని ఆజ్ఞలు ముఖ్యమైన రోజులవి. చెవులు తెరిచి ఉండటం ప్రాణావసరమైంది. అందుచేత మీ కథ సోక్రటీస్ కాలంలో జరుగుతుంటే, స్పార్టా వరుసలను చూపిస్తుంటే, ప్రేక్షకుడికి కొంత నిరాశ కలిగినా సరే పిలోస్‌నే పెట్టండి. ఎర్ర అంగీ, కంచు డాలు, నున్నటి శంఖాకార శిరస్త్రాణం కలిస్తే వచ్చే నిరాడంబరమైన గాంభీర్యం ఎర్ర కుచ్చులో లేదు. పైగా నాటక సమాజానికి అన్నింటికన్నా తక్కువ ఖర్చులో అయ్యేది కూడా ఇదే.

గుర్రం మీది మనిషికి, అలెగ్జాండర్‌కు

ఎంపిక సలహా రాసిన ప్రాచీనుడు ఒకడున్నాడు, అతని మాటను కాదనడం కష్టం. స్వయంగా ఆశ్వికుడైన గ్రీకు రచయిత జెనొఫోన్ గుర్రపుస్వారీ మీద రాసిన గ్రంథంలో ఆశ్వికుడికి బియోషియన్ శిరస్త్రాణమే శ్రేష్ఠమని చెప్పాడు. ఛాతీ కవచానికి పైన ఉన్న భాగాలన్నింటినీ కాపాడుతూనే చూపుకు అడ్డురాదన్నది అతని కారణం. వెడల్పైన అంచు ఉన్న టోపీని చుట్టూ కిందికి మడిచినట్లుండే ఈ ఆకారం ఎండను, వానను, పైనుంచి పడే కత్తిదెబ్బను భుజాల అవతలికి జారుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో టైగ్రిస్ నదిలో దొరికిన ఇలాంటి శిరస్త్రాణం ఉంది. ఈ రూపం మన ఉపఖండం అంచుల దాకా వచ్చింది: బాక్ట్రియా రాజు యూక్రటైడిస్ తన నాణేల మీద ఎద్దు కొమ్ము, చెవి అలంకారంగా ఉన్న బియోషియన్ తరహా శిరస్త్రాణంతో కనిపిస్తాడు. పారిస్‌లో ఉన్న అతని 169 గ్రాముల బంగారు నాణెం ప్రాచీన ప్రపంచంలో మిగిలిన బంగారు నాణేలలో అతి పెద్దది.

పాఠశాల వార్షికోత్సవాలలో పురుషోత్తముడి ముందు నిలిచే అలెగ్జాండర్‌కు ఏం పెట్టాలి అన్నది తెలుగు ఉపాధ్యాయులకు నిజంగా పనికివచ్చే ప్రశ్న. కోరింథియన్ పెట్టకండి, రోమన్ సైనికుడిది అసలే వద్దు. క్రీ.పూ. 326లో ఝీలం ఒడ్డున జరిగిన పోరు జ్ఞాపకంగా కొట్టించినవని భావించే పెద్ద వెండి నాణేల మీద ఒక వైపు ఏనుగును తరుముతున్న ఆశ్వికుడు ఉన్నాడు. మరో వైపు చేతిలో వజ్రాయుధం పట్టి నిలిచిన అలెగ్జాండర్, అతని తల మీద ఈకలు, తురాయి ఉన్న ఫ్రిజియన్ తరహా శిరస్త్రాణం. నడినెత్తి ముందుకు వంగి గూడులా నిలిచే రూపం ఫ్రిజియన్‌ది. కొన్నింటి చెంపరేకుల మీద మీసం, గడ్డం కూడా ఉబ్బెత్తుగా దిద్దేవారు. పర్షియన్లతో జరిగిన గ్రానికస్ పోరులో అలెగ్జాండర్ తురాయికి ఇరువైపులా పెద్ద తెల్లటి ఈకలు ఉండటం వల్లే శత్రువులు అతన్ని గుర్తుపట్టారనీ, ఒక దెబ్బకు తురాయి, ఒక ఈక తెగిపోయాయనీ ప్లుటార్క్ రాశాడు. గాగమెలా యుద్ధంలో అతను ధరించినది మాత్రం కంచుది కాదు. థియోఫిలస్ అనే పనివాడు చేసిన, వెండిలా మెరిసే ఇనుప శిరస్త్రాణమట. 1977లో పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రొనికోస్ ఉత్తర గ్రీసులోని వెర్గినాలో తవ్విన రాజసమాధిలో బయటపడిన మాసిడోనియన్ శిరస్త్రాణం కూడా ఇనుముదే. కాబట్టి అలెగ్జాండర్ నమూనాకు ఉక్కు రేకు వాడినా తప్పులేదు; ఇరువైపులా తెల్లటి ఈకలు మాత్రం మరచిపోవద్దు.

ట్రాయ్ వీరుల సంగతి మిగిలింది. చరిత్రకు దగ్గరగా ఉండాలంటే కంచును పక్కనపెట్టి అడవిపంది కోరల శిరస్త్రాణం ఎంచుకోవాలి; ఇలియడ్ పదవ సర్గలో మెరియోనిస్ ఒడిస్సియస్‌కు ఇచ్చినది అదే, 1960లో గ్రీసులోని డెండ్రా సమాధిలో కంచు కవచంతో పాటు దాని కోరలు దొరికాయి. కాని ఎక్సీకియస్ అనే ఎథెన్స్ చిత్రకారుడు క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే పాచికలాడుతున్న అకిలీస్‌కు తన కాలపు కోరింథియన్ పెట్టాడు. గ్రీకులు తమ పురాణాన్ని ఊహించుకున్న తీరును చూపదలిస్తే అదీ సరైనదే.

తురాయి, ఆపై కొనుగోలు

తురాయిని చివరికి వదిలేయకండి, మొదటే తేల్చుకోండి. గుర్రపు వెంట్రుకల కుచ్చు మనిషి ఎత్తును పెంచుతుంది, నడిస్తే ఊగుతుంది. ట్రాయ్ వీరుడు హెక్టర్ తన పసిబిడ్డను ఎత్తుకోబోతే ఆ ఊగే కుచ్చును చూసి బిడ్డ జడిసి ఏడవడం, తండ్రి నవ్వి శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టడం ఇలియడ్‌లో నాకు అన్నింటికన్నా ప్రియమైన ఘట్టం. శత్రువు కోసం చేసిన ముఖం ఇంట్లో పనికిరాదని ఆ బిడ్డ ముందే తెలుసుకున్నాడు. ఎథెన్స్ హాస్య నాటకకర్త అరిస్టొఫనీస్ క్రీ.పూ. 421లో ప్రదర్శించిన ‘శాంతి’ నాటకంలో యుద్ధం ఆగిపోయి గిరాకీ పోయిన తురాయిల వ్యాపారి వస్తే, బల్ల తుడుచుకోవడానికి పనికివస్తాయని నాయకుడు ఎండు అత్తిపండ్లు ఇచ్చి కొనబోతాడు. దొరికిన కోరింథియన్లలో చాలావాటికి తురాయి అమర్చిన గుర్తులే లేవు. కాబట్టి వరుసలో నిలిచే సైనికులందరికీ కుచ్చు పెట్టనక్కరలేదు. చెవి నుంచి చెవికి అడ్డంగా నిలిచే తురాయి కొద్ది స్పార్టన్ ప్రతిమల మీద కనిపిస్తుంది; అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సంగ్రహాలయంలో ఉన్న అంగవస్త్రం కప్పుకొన్న యోధుడు అందులో ప్రసిద్ధుడు. అది అధికారికి గుర్తని చాలామంది పండితుల అభిప్రాయం. అందువల్ల ఒక్క నాయకుడికి తప్ప మరొకరికి వద్దు.

దేహ్రాదూన్ వంటి చోట్ల మన దేశంలోనే ఇలాంటి నమూనాలు తయారవుతాయి. ‘కంచు’ అని రాసినా చాలావరకు అవి ఇత్తడివి; రంగు దగ్గరగానే ఉంటుంది కాబట్టి రంగస్థలానికి అభ్యంతరం లేదు, కాని కంచు ధర ఇచ్చి ఇత్తడి కొనకండి. రేకు 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా మందమైతే గంటసేపు మోయలేరు. నడినెత్తిన అతుకు గీత ఉందేమో వేలితో తడిమి చూడండి. కోరింథియన్‌కు అతుకు ఉండటం పెద్ద లోపం, తొలి ఇలిరియన్‌కు మాత్రం అదే సహజం. కోరింథియన్ మెడ దగ్గర ఇరుకుగా ఉంటుంది కాబట్టి తల చుట్టుకొలత ఒక్కటే ఇస్తే చాలదు, కనుపాపల మధ్య దూరం కూడా కొలిచి పంపాలి. లేకపోతే తల దూరినా రంధ్రాలు కళ్లకు ఎదురుగా రావు. అస్తరుకు అంగుళం లోపు చోటు కలిపి చెప్పండి.

అసలు ప్రాచీన వస్తువును కొనాలన్న ఆశ ఉంటే మానుకోమనే చెబుతాను. భూమి నుంచి దొంగతనంగా తవ్వి తీసిన శిరస్త్రాణం ఏ సమాధిలో, ఎవరి పక్కన ఉన్నదో మనకు ఎప్పటికీ తెలియదు. ఆర్గోస్‌లో 1953లో పద్ధతిగా తవ్విన ఒకే ఒక్క సమాధి శిరస్త్రాణాన్నీ, గంట ఆకారపు కవచాన్నీ కలిపి చూపినందువల్లే క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి యోధుడు ఎలా ఉండేవాడో మనకు అర్థమైంది.

ఇత్తడి నమూనా మసకబారితే ఇంట్లో పాత్రలకు చేసినట్లే చింతపండుతో తోమి, పులుసు మిగలకుండా కడిగి, వెంటనే పొడి బట్టతో తుడవండి. అస్తరు అంటించి ఉంటే నీళ్లు లోపలికి పోకుండా అంచు దగ్గర తడిగుడ్డతోనే సరిపెట్టండి. ప్రదర్శనకు ముందురోజు రాత్రి తోమితే దీపాల కింద దాని రంగు ప్సమ్మెటికస్ చేతిలో ఉన్నప్పటి రంగులాగే ఉంటుంది.